వేడి చాలని ఇంజను

వైశాఖ జ్యేష్ఠ మాసములలో ట్యాంకుబండ్ మీదుగా సికింద్రాబాదు చేరువారికి, బానెట్ ఎత్తిపెట్టి, రేడియేటరు నుండి ఆవిరి పైకెగయుచుండగా, చేత నీళ్ల సీసా పట్టుకొని దిక్కులు చూచుచు నిలుచున్న కారు యజమాని దర్శనము దుర్లభము కాదు. ఇంజను అతిగా వేడెక్కుట అందరును ఎరిగిన ఆపద. దానికి సాక్షులుందురు, సానుభూతి లభించును, వెనుకనుండి హారను మ్రోగించువారు సైతము ఒక్క క్షణము శాంతింతురు. కాని తన ఇంజనుకు చాలినంత వేడి ఎక్కుట లేదని కారును ప్రక్కకు తీసి చింతించిన మనుష్యుని ఈ జంటనగరములలో ఎవరును చూచియుండరు. చూడలేదు గనుక ఆ వ్యాధి లేదనుకొనరాదు. అతితాపము యంత్రమును ఒక్క మధ్యాహ్నమున నిలువున కూల్చును కావున అందరి కంటను పడును. అల్పతాపమో, పెట్రోలును కొంచెము, ఇంజను నూనెను కొంచెము, సిలిండరు గోడలను కొంచెము ఏండ్ల తరబడి తినుచు, యజమాని నోట "ఈ మధ్య మైలేజీ ఎందుకో తగ్గింది" అను ఒక్క మాటగా మాత్రమే బయటపడును.

శీతల దేశములలో ఈ వ్యాధికి నమ్మకమైన సాక్షి యొకటి కలదు. కారులోని హీటరు ఇంజను నీటి వేడితోనే పనిచేయును. ఆ నీరు వేడెక్కనినాడు హీటరు నుండి చల్లగాలి వీచును, నడుపువాని వ్రేళ్లు కొంకర్లు పోవును, అతడు ఆ సాయంకాలమే షెడ్డునకు పరుగెత్తును. మన సికింద్రాబాదులో డిసెంబరు, జనవరి తెల్లవారుజాములందు ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీలకు దిగువకు పడినను, స్వెట్టరుతో సరిపుచ్చుకొనుటయే గాని హీటరు మీటను త్రిప్పు అలవాటు మనకు లేదు. ఆ మీటను ఏ వైపునకు త్రిప్పిన వేడిగాలి వచ్చునో ఎరుగని కారు యజమానులు నా పరిచితులలోనే కలరు. అందుచేత అచ్చట ఒక్క దినమున బయటపడు దోషము ఇచ్చట కారు అమ్ముడుపోవువరకు గుప్తముగా నుండగలదు.

పైగా ఇది చాలమట్టుకు చేజేతుల తెచ్చుకొన్న దోషము. ఎండకాలమున ఒకనాడు డాష్‌బోర్డు మీది ముల్లు ఎర్ర గీత వైపు జరిగినదని షెడ్డునకు పోయినచో, అక్కడి ఉస్తాదు రేడియేటరును, ఫ్యానును, నీటిపంపును వరుసగా పరీక్షించుటకు బదులు, ఇంజను చెంతనున్న ఒక చిన్న మూతను విప్పి, అందుండి అరచేత ఇముడు లోహపు బిళ్ల నొకదానిని ఊడదీసి, "వాల్వు తీసేసిన సార్. అది చలి దేశాలకు పెడ్తరు. మన ఎండలకు దాంతోని ఏం పని?" అనుచు యజమాని చేతబెట్టును. ముల్లు దిగును. ఖర్చు స్వల్పము, పని అరగంటలో ముగిసెను, ఇరువురును తృప్తులైరి. ఆ తృప్తినే నేను ఆక్షేపించుచున్నాను. అక్కడ తగ్గింపబడినది ముల్లే గాని, ముల్లును ఎక్కించిన కారణము కాదు.

ఆ బిళ్ల పేరు థర్మోస్టాటు. దాని నడుమనున్న లోహపు గుళికలో మైనము నింపబడియుండును. ఇంజను చల్లగానున్నంతసేపు మైనము గట్టిగా నుండి, స్ప్రింగు బలముచేత వాల్వు మూసికొనియుండును. అప్పుడు నీరు రేడియేటరునకు పోక, బైపాసు దారిని ఇంజనులోనే తిరుగుచు త్వరగా వేడెక్కును. నీటి ఉష్ణోగ్రత బిళ్లపై ముద్రింపబడిన అంకెను చేరగానే, అది కారును బట్టి 82 గాని, 88 గాని, 92 గాని కావచ్చును, మైనము కరగి ఉబ్బి, కడ్డీని నెట్టి దారిని తెరచును. పూర్తిగా తెరచుకొన్నప్పుడు సైతము ఆ కదలిక ఎనిమిది, పది మిల్లీమీటర్ల పాటిది. సామాన్యమైన బిళ్లకు విద్యుత్తు అక్కరలేదు, తీగ అక్కరలేదు, ఎవరి ఆజ్ఞయు అక్కరలేదు. అంతకుముందు సులభముగా ఆవిరియగు ద్రవమును నింపిన మడతల డబ్బాలు ఈ పని చేయుచుండగా, 1930వ దశకమున అమెరికాలో సెర్జియస్ వెర్నే ఈ మైనపు గుళికను రూపొందించెను. నేటికిని దాని మూలసూత్రము మారలేదు. ఇంత అల్పమైన వస్తువు ఇంత ఖచ్చితముగా పనిచేయుట చూచినప్పుడు నాకు కలుగు ఆనందమును షెడ్డులో పంచుకొనువారు తక్కువ.

మన ఎండలకు దానితో పనిలేదను వాదము వినుటకు సహేతుకముగనే తోచును గాని, అంకెలు వేసి చూచినచో నిలువదు. మే నెలలో ఇచ్చటి గాలి 42 డిగ్రీల వేడితో నున్నదనుకొందము. ఇంజను కోరునది 88. అనగా మన తీవ్రమైన మధ్యాహ్నము కూడ ఇంజను కోరుదానికంటె 46 డిగ్రీలు చల్లనిది. రేడియేటరో, నిండు బరువుతో, ఏసీ నడుచుచుండగా, అదే ఎండలో శ్రీశైలము ఘాటు నెక్కవలసిన గడ్డు ఘడియకు సరిపడునట్లు కొలిచి చేసినది. మారేడుపల్లి నుండి ప్యారడైజు వరకు ఒక్కరు కూర్చుండి పోవు ఉదయమున దాని శక్తిలో అధికభాగము అనవసరము. ఆ అనవసరపు శక్తిని ఆపియుంచుటయే థర్మోస్టాటు పని. ఒక ఏట చెరువు పొంగినదని తూము తలుపునే ఊడబెరికి పారవేసిన ఊరివారు మరుసటి ఏట ఎండిన చేలను చూచి వానదేవుని నిందించినట్లు, వాల్వు తీయించుకొన్న యజమాని మైలేజీ తగ్గినప్పుడు పెట్రోలు బంకును నిందించును.

సిలిండరు వేడిగా నుండవలెనను సంగతి మోటారు కార్లకంటె ప్రాచీనమైనది. న్యూకోమెన్ ఆవిరియంత్రములో ప్రతి పోటునకును సిలిండరులోనే చన్నీరు చల్లి ఆవిరిని నీరుగా మార్చెడివారు. ఆ చల్లబడిన సిలిండరును మరల వేడిచేయుటకే ఆవిరిలో పెద్దపాలు వ్యర్థమగుచున్నదని జేమ్స్ వాట్ గ్రహించి, సిలిండరు తనలోనికి వచ్చు ఆవిరియంత వేడిగా ఎల్లవేళల నుండవలెనను నియమము పెట్టుకొని, ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చు పద్ధతికి 1769లో పేటెంటు పొందెను. మన ఊరికిని ఈ విద్య క్రొత్తది కాదు. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలు వచ్చినది మొదలు ఆవిరి ఇంజనులు నడిచినంతకాలము, చల్లని సిలిండరుతో బయలుదేరు ప్రతి డ్రైవరును ముందుగా సిలిండరు అడుగునున్న కుళాయిలను తెరచి, చల్లని గోడలకు తగిలి నీరైన ఆవిరిని బుస్సుమని బయటకు వదలి, పిమ్మటనే వాటిని మూసెడివాడు. స్టేషనులో కదలుచున్న ఇంజను ఇరువైపుల తెల్లని ఆవిరిని నేలబారుగా చిమ్ముట చూచినవారు లాలాగూడ రైల్వే క్వార్టర్ల వృద్ధులలో ఇప్పటికిని కలరు. ఎంత నొక్కినను నీరు కుదించుకొనదు. దానిని లోపలనుంచి పిస్టనును నెట్టినచో సిలిండరు మూతయే పగులును.

పెట్రోలు ఇంజనులో నీరెక్కడిదని అడుగవచ్చును. ఒక లీటరు పెట్రోలు సంపూర్ణముగా మండినచో, అందలి హైడ్రోజను గాలిలోని ఆక్సిజనుతో కలియుటవలన, దాదాపు ఒక లీటరు నీరు పుట్టును. ఇది రసాయనశాస్త్రపు లెక్కయే గాని అతిశయోక్తి కాదు. ఇంజను వేడిగా నున్నప్పుడు ఆ నీరు ఆవిరిగా సైలెన్సరు వెంట వెడలిపోవును. గోడలు చల్లగా నున్నప్పుడు అందు కొంత పిస్టను రింగుల సందులనుండి క్రిందికి జారి, ఇంజను నూనెలో కలిసి, ఆమ్లములకు తావిచ్చును. మండని పెట్రోలు కూడ దాని వెంట దిగి నూనెను పలుచన చేయును. నూనె పోయు మూతను విప్పినప్పుడు దాని లోపలివైపున తెల్లని జిగట నురుగు కనిపించుట ఈ సంకరమునకు గుర్తు. హెడ్ గ్యాస్కెటు పోయినందువలనను అట్టి నురుగు రావచ్చును కావున, కూలెంటు మట్టము తగ్గుచున్నదా లేదా అని కొన్నాళ్లు చూడకయే హెడ్డు విప్పించుకొనరాదు. 1930వ దశకమున బ్రిటనులోని ఆటోమొబైలు ఇంజనీర్ల సంస్థ తరఫున సి. జి. విలియమ్స్ జరిపిన పరిశోధనలు, గోడల ఉష్ణోగ్రత తగ్గినకొలది సిలిండరు అరుగుదల త్వరితమగునని, చల్లని పరిస్థితులలో రాపిడికంటె ఆమ్లముల కొరుకుడే అందుకు ముఖ్యకారణమని చూపినవి. "బోరుకు వచ్చింది" అని మన షెడ్లలో తీర్పు పొందు ఇంజనులలో కొన్ని చలిచేతనే చచ్చినవని చెప్పుటకు నేను సంకోచింపను.

ఉస్తాదులకు అన్యాయము చేయరాదు. 1958 నుండి 2014 వరకు ఉత్తరపారాలో తయారైన అంబాసిడరును, బొంబాయి నుండి వచ్చిన ప్రీమియర్ పద్మినిని బాగుచేయుచు వారీ విద్య నేర్చిరి. ఆ కార్లలో కూలెంటు పోయువారెవరు? బోరింగు నీరే గతి. మన నేలలోని కఠినజలము రేడియేటరు గొట్టములలో సున్నపు పొరగా పేరుకొనెడిది. వాల్వు త్రుప్పుపట్టి మూసికొనియే బిగిసిపోయెడిది. మేడ్చలు దాటి, తూప్రాను చేరకముందే, మిట్టమధ్యాహ్నమున కుటుంబముతో చిక్కుకొన్నవానికి బిగిసిన వాల్వును ఊడదీసి సాగిపోవుటకంటె వివేకమైన మార్గము లేదు. ఆపద్ధర్మముగా అది సరియే. ఆపద తీరిన పిమ్మట కూడ దానినే నిత్యధర్మముగా జేసికొనుట, ఆపైన శిష్యులకు శాస్త్రముగా బోధించుట, తప్పు. ఐనను ఆ కాలపు ఇంజను ఆ తప్పును కొంతవరకు సహించెను. దానికి కార్బ్యురేటరు ఉండెడిది. చోకు మీటను యజమాని స్వహస్తముతో లోనికి నెట్టగానే, నీరు వేడెక్కినను ఎక్కకపోయినను, ఇంధనపు పాలు తగ్గెడిది.

నేటి కారులో ఆ మీట లేదు. ఇంజనుకు ఎంత పెట్రోలు పోయవలెనో నిర్ణయించునది ఈసీయూ అను చిన్న కంప్యూటరు. దానికి వేడి సంగతి చెప్పునది నీటిలో మునిగియుండు ఒక సెన్సరు. ఆ సెన్సరు నిరోధము పెక్కు కార్లలో 20 డిగ్రీల వద్ద రెండు మూడు వేల ఓములుండి, 80, 90 డిగ్రీల వద్ద రెండు మూడు వందలకు దిగును. నీరు 55, 60 డిగ్రీల వద్దనే తచ్చాడుచున్నచో, ఇంజను ఇంకను చల్లగనే యున్నదని ఈసీయూ భావించి, పెట్రోలును కొంత హెచ్చుగా పోయుచునే యుండును. వాల్వు లేని క్రొత్త కారు చోకును కొంచెము లాగియే యుంచి నడుపుచున్న పాత కారని గ్రహింపుడు. 2010 ఏప్రిలు నుండి హైదరాబాదుతో సహా పదమూడు నగరములలో భారత్ స్టేజ్ 4 ప్రమాణములును, 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతటను భారత్ స్టేజ్ 6 ప్రమాణములును వచ్చినవి. వాటితో వాహనమే తన లోపములను కనిపెట్టి నమోదు చేయు ఏర్పాటు కూడ వచ్చినది. నీరు వేడెక్కవలసిన కాలమునకు వేడెక్కనిచో పి 0128 అను కోడు నమోదై, ఇంజను బొమ్మ దీపము వెలుగును. డీజిలు కార్లలో కథ ఇంకను ఖరీదైనది. భారత్ స్టేజ్ 6 డీజిలు కారు పొగగొట్టములోని మసి వడపోత అప్పుడప్పుడు తన మసిని తానే కాల్చివేసుకొనవలెను; ఇంజను తగినంత వేడెక్కనిదే ఈసీయూ అందుకు అనుమతింపదు; మసి పేరుకొని వడపోత పూడిపోవును. అది మార్చుటకగు వ్యయముతో ఎన్ని థర్మోస్టాట్లు కొనవచ్చునో లెక్కించుట వృథాప్రయాస.

ఈ సందర్భమున తయారీదార్లపై నాకొక ఫిర్యాదు కలదు. అనేక కార్ల డాష్‌బోర్డు నుండి వేడి ముల్లును తొలగించి, చల్లగా నున్నప్పుడు నీలి దీపము, మితిమీరినప్పుడు ఎర్ర దీపము మాత్రము మిగిల్చిరి. నీలి దీపము ఇంజను పూర్తిగా వేడెక్కుటకు చాల ముందే ఆరిపోవును; కావున 65 డిగ్రీల వద్ద కుంటుచున్న ఇంజను తన యజమానికి నిక్షేపముగనే కనిపించును. ముల్లు ఉన్న కార్లలోను, చిన్న హెచ్చుతగ్గులకు యజమాని బెదరకుండునట్లు, అది నడిమిలో కదలక నిలుచునట్లు సవరించిరి. బెదరనీయకుండుట మంచిదే, తెలియనీయకుండుట మంచిది కాదు.

మరియొక విచిత్రము. వాల్వు తీసినంతమాత్రమున ఇంజను చల్లబడునను భరోసా సైతము లేదు. పెక్కు ఇంజనులలో థర్మోస్టాటు తెరచుకొనునప్పుడే దాని అడుగు పళ్లెము బైపాసు దారిని మూయును. థర్మోస్టాటే లేనిచో, పంపు త్రోసిన నీటిలో కొంత రేడియేటరు ముఖము చూడకయే తిరిగి ఇంజనును చేరును. ఎండలో, ట్రాఫిక్కులో, అట్టి కారు అతిగా వేడెక్కును. పుష్యమాసపు ఉదయమున చల్లబడుచు, మే నెల మధ్యాహ్నమున ఉడుకుచు, రెండు విధముల చెడిన కారు ఎదుట అయోమయములో పడిన ఉస్తాదు తుట్టతుదకు ఫ్యానును డైరెక్టు చేయును. తాళము త్రిప్పినది మొదలు అది విరామము లేక తిరుగును. ఒక చికిత్సకు ప్రతిచికిత్స.

ఇక రోగనిర్ణయము. రాత్రియంతయు నిలిచియున్న ఇంజనుతో ఉదయమే ఇది ఆరంభింపవలెను; నడిపి తెచ్చిన కారును షెడ్డులో ఎంత తడిమినను సగము సత్యమే తెలియును. ఇంజను చల్లగానున్నప్పుడే రేడియేటరు మూతను విప్పి కూలెంటు మట్టము చూచుట మొదటి పని. నీరు తగ్గి సెన్సరు గాలిలో నున్నచో, ముల్లు చల్లదనమును చూపుచుండగనే ఇంజను లోలోపల కాలిపోవుచుండవచ్చును. చల్లని ఇంజనను ఫిర్యాదు వెనుకనుండదగిన కారణములలో ఎల్ల ఇదియే ప్రమాదకరమైనది కావున, మొదటనే తేల్చుకొనవలెను. పిమ్మట స్కానరు తగిలించి, స్టార్టు చేయకముందు, నీటి సెన్సరును, ఇంజను పీల్చు గాలి సెన్సరును చూపు అంకెలను పోల్చవలెను. రాత్రి నిలిచిన కారులో రెండును ఇంచుమించు సమానముగా నుండితీరవలెను. గాలి 19 అనుచుండగా నీరు మైనస్ 40 అన్నచో తీగ తెగినదనియో, కనెక్టరు ఊడినదనియో అర్థము. సికింద్రాబాదు మైనస్ 40 ఎన్నడును ఎరుగదు గదా. అట్టి కార్లలో పలువాటియందు ఇంజను చల్లగానున్నను రేడియేటరు ఫ్యాను తిరుగనారంభించును. వేడి తెలియని ఈసీయూ ఆత్మరక్షణకై చేయు పని అది. నీటి సెన్సరు పది పదిహేను డిగ్రీలు మాత్రము తప్పు చెప్పుచున్నచో పట్టుకొనుట కష్టతరము. అందులకే ఈ ఉదయపు పోలిక.

సెన్సరు నిర్దోషియని తేలిన పిమ్మట, ఏసీ ఆపి, ఇంజను నడిపి, ఫ్యాను రెక్కలకును బెల్టునకును దూరముగా, రేడియేటరు పై గొట్టముపై చేయి వేయవలెను. వాల్వు మంచిదైనచో, స్కానరు అంకె 40, 60, 75 అని ఎక్కుచున్నను గొట్టము చాలసేపు చల్లగనే యుండి, వాల్వు తెరచుకొను అంకె చేరినంతట హఠాత్తుగా, చేయి తీయవలసినంతగా వేడెక్కును. వాల్వు తెరచియే బిగిసియున్నచో, లేక అసలే లేనిచో, గొట్టము కూడ మొదటినుండి ఇంజనుతోపాటు మెల్లమెల్లగా గోరువెచ్చనగును. కొన్ని ఇంజనులలో వాల్వు క్రింది గొట్టము వైపున ఉండును. అప్పుడు చేయి పెట్టవలసిన చోటు మారునే గాని తీర్పు మారదు. ఈ పరీక్షకు పైకము అక్కరలేదు, పరికరము అక్కరలేదు. ఓపిక మాత్రము కావలెను, షెడ్డులో దానికే కరవు.

తరువాత రోడ్డు. ప్యారడైజు కూడలిలో నిలిచినప్పుడు 85 చూపిన స్కానరు, బోయినపల్లి, సుచిత్ర దాటి మేడ్చలు రహదారిపై 80 కిలోమీటర్ల వేగము అందుకొన్నప్పుడు 65కు జారి, మరల సిగ్నలు వద్ద నిలిచినప్పుడు ఎక్కినచో, వాల్వు మూసికొనుట లేదనుటకు ఇక సందేహము లేదు. సెన్సరు దోషము ఇట్లు వేగముతో పాటు ఎక్కి దిగదు. ఫ్యానును డైరెక్టు చేసినందువలన చల్లబడుచున్నదను మాట కూడ తరచుగా వినబడును; అదొక్కటే చాలిన కారణము కాదు. వాల్వు మంచిదైనచో, ఫ్యాను ఎంత విసరినను, తానే ముడుచుకొని నీటిని నిలిపివేయును. కనుక ఫ్యాను ఎడతెగక తిరుగుచు ఇంజనును చల్లగా నున్న కారులో దోషములు రెండని ఎంచి, రెండింటిని వెదకవలెను.

చివరకు వాల్వును ఊడదీసి, గిన్నె నీటిలో అడుగు తగులకుండ దారముతో వ్రేలాడదీసి, ప్రక్కన థర్మామీటరు నుంచి పొయ్యి వెలిగింపవలెను. 82 అని ముద్రించినది 82కు ఇటునటుగా కదలనారంభించి, మరి పది పన్నెండు డిగ్రీలు పెరుగునప్పటికి పూర్తిగా తెరచుకొనవలెను. నీరు చల్లారునప్పుడు సందు లేకుండ మూసికొనవలెను. తెరచుకొనుట చూచి సంతోషించి, మూసికొనుట చూడకయే లేచిపోవువారు ఎక్కువ. మన వ్యాధి ఉన్నది ఆ రెండవ సగముననే.

ఇంతయు చేయుటకు ఒక పూట పట్టును. ఆ పూటకు మనము పైకమిత్తుమా? ఇయ్యము. వస్తువునకు ధర ఇత్తుము, విప్పి బిగించినందుకు కూలి ఇత్తుము, ఆలోచించినందుకు మాత్రము ఇయ్యము. ఉస్తాదు, "ఏం మార్చలే సార్, కనెక్టరు సాఫ్ చేసిన, వెయ్యి రూపాయలియ్యుండ్రి" అన్నచో వాదమునకు దిగుదుము. అతడే అవసరము లేని సెన్సరును, నీటిపంపును, రేడియేటరును వరుసగా మార్చి పదింతలు పుచ్చుకొన్నచో, పాత సామానును సంచిలో పెట్టించుకొని, పని జరిగినదను నమ్మకముతో ఇంటికి వత్తుము. అట్టి బేరములో వాల్వు ఊడదీయుటయే అతనికి అన్నింటికంటె చౌకయైన నిజాయితీగా తోచుటలో వింత లేదు. ఈ తప్పులో షెడ్డు పాలుకంటె మన పాలే పెద్దదని నా అభిప్రాయము.

క్రమబద్ధమైన యంత్రపోషణ ఈ ఊరికి తెలియనిది కాదు. 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమై, తరువాత ఆర్టీసీగా పరిణమించిన నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ ఇచ్చటిది. సైన్యపు వాహనములను, యంత్రములను పోషించు విద్య నేర్పు ఈఎంఈ కళాశాల తిరుమలగిరిలో కలదు. బస్సు డిపోలోనైనను సైన్యపు వర్క్‌షాపులోనైనను ప్రతి వాహనమునకు ఒక కార్డుండును. ఏ తేదీన ఏది చూచిరో, ఏది మార్చిరో అందు వ్రాయుదురు. ఆ పద్ధతిని షెడ్డునకు తెచ్చుటకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. స్కానర్లు ఇప్పుడు ఫోనుతో పనిచేయునవి సైతము దొరకుచున్నవి. రోగనిర్ణయమునకు వేరుగా రుసుము వ్రాసి, పని చీటీపై మూడు అంకెలు వేసి ఇచ్చినచో చాలును: చల్లని ఇంజను చూపినది, వాల్వు తెరచుకొన్నది, రహదారిపై నిలకడగా నిలిచినది. ఆ చీటీకి నేను సంతోషముతో పైకము చెల్లింతును. ప్రభుత్వము వారును కాలుష్య పరీక్షలో పెట్రోలు కారు నిలుచుండి విడుచు పొగను మాత్రము కొలిచి సర్టిఫికెటు ఇచ్చుట చాలించి, క్రొత్త కార్లలో నమోదైన కోడులను కూడ చదివించవలెను; తన తప్పును తానే ఒప్పుకొనుటకు సిద్ధముగానున్న యంత్రమును ఎవరును అడుగకుండుట విడ్డూరము.

వాల్వు మార్చవలసినదని తేలినచో రాణిగంజి దూరము కాదు. అచ్చట "ఫలానా కారు వాల్వు" అని అడిగి ఊరకొనక, అంచుపై ముద్రించిన అంకె చూడవలెను. 88 ఉండవలసిన చోట "ఇది ఇంకా చల్లగుంటది" అని 76 చూపినచో పుచ్చుకొనరాదు. చిన్న గాలిరంధ్రమున్న బిళ్ల అయినచో ఆ రంధ్రము పైవైపునకు రావలెను, లేనిచో గాలి లోపల నిలుచును. కుళాయి నీరు పోయించుకొనరాదు. కంపెనీ చెప్పిన కూలెంటు పోసి, గాలి వెడలువరకు నడిపించి, మరునాటి ఉదయము మట్టము మరల చూచుకొనవలెను.

పాత కారు కొనువారికి ఒక మాట మిగిలినది. వాల్వు లేని కార్లు చేతులు మారునప్పుడు ఆ సంగతి ఎవరును చెప్పరు. చాలచోట్ల అమ్మువానికే తెలియదు. కారును సాయంకాలము చూడబోవక, ముందుగా చెప్పి, ఉదయమే పోవలెను. బానెట్ పై చేయి పెట్టినప్పుడు వెచ్చగా తగిలి, "ఇప్పుడే కొంచెం తిప్పి పెట్టిన సార్" అని అమ్మువాడు చెప్పినచో, కాఫీ త్రాగి మర్యాదగా లేచి, మరునాడు ఇంకొంచెము పెందలకడ వత్తునని చెప్పి రావలెను.